ఎర్ర రంగు పూసిన పెట్ట

హలో… ఆ, నేనే. నా ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు.

… తమ్ముడివని తెలుస్తూనే ఉందిలే. నువ్వు దగ్గితే గోడలోంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినబడుతోంది. ఒక్క దగ్గు రెండుసార్లు వినాల్సొస్తోంది, నా ప్రాప్తం.

… అవును, ఒట్టు పెట్టుకుంది నేనే. నీ మొహం చూడనన్నాను. గొంతు విననని అనలేదు, అక్కడే పొరపాటైంది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నా గుమ్మం తొక్కనన్నావు. తొక్కకు. ముందు వాటాలో నువ్వు, వెనక వాటాలో నేను, మధ్యలో ఫోను కంపెనీవాడు. వాడైనా బాగుపడనీ.

… సరే, చెప్పేదేదో చెప్పు. మిషను మీద జాకెట్టుంది. సాయంత్రానికి చేతులు కుట్టి ఇవ్వాలి.

… ఏం తీసెయ్యాలి?

… మళ్ళీ ఓసారి అను.

కోళ్ళ గూడు. పెరట్లోంచి. రేపు పొద్దున్నకల్లా.

… ఓహో, మేస్త్రీ వస్తున్నాడా. అందుకా ఇందాకట్నుంచీ నీ గుమ్మం ముందు ఇటుకలు దిగుతున్నాయి. మరదలి గిన్నెలకి చోటు చాలక వంటిల్లు పెంచుకుంటున్నావేమోలే అనుకున్నా. — గోడా? పెరటికి అడ్డంగానా? ఎంతెత్తు?

… మనిషెత్తు.

… లేదు, వింటున్నా. ఎవరికేం పోతుందో చూసుకుంటున్నా. కుళాయి నీవైపు పోతుంది. ఎండ నీవైపు పోతుంది. నావైపు నీ గోడ నీడ మిగులుతుంది. మిషను ఆ కిటికీ పక్కనే ఎందుకు వేసుకున్నానో నీకు తెలుసుగా? అక్కడైతేనే సూదిలో దారం కనబడుతుంది. ఈ వయసులో నాకున్న వెలుతురంతా ఆ ఒక్క కిటికీయే. అది మూసేస్తావా?

… కారణం ఉందా. చెప్పు, ఆ బలమైన కారణం ఏమిటో వింటాను.

… నా కోళ్ళా?

… నీ పిల్లల్నా? రక్తం కారేలానా?

ఆగాగు. పిల్లలంటే నువ్వు తెచ్చిన పిల్లకోళ్ళనేగా. నువ్వు చెప్పే తీరు వింటే నీ కడుపున పుట్టినవాళ్ళని పొడిచినట్టే ఉంది. — సరే, ఆ రక్తం ఎవరు చూశారు?

… మీ ఆవిడ. పొద్దున. వంటింటి కిటికీలోంచి. … ఫొటో కూడా తీసిందా. ఇంకేం, విచారణ పూర్తయినట్టే. నువ్వు దిగి చూశావా?

… పెరట్లోకి దిగి, వంగి, చేత్తో పట్టుకుని చూశావా అని అడుగుతున్నా.

… ఫొటో చూశావు. ఫొటో చూసి మేస్త్రీని పిలిచావు. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం నువ్వు, చిన్నప్పట్నుంచీ అంతే.

… నేనేం అరవట్లేదు. ఇది నా మామూలు గొంతే. ముప్పై ఏళ్ళు మిషను చప్పుడు మీద మాట్లాడితే నీ గొంతూ ఇలాగే అవుతుంది.

… మీ బావనెందుకు మధ్యలోకి లాగుతావు? ఆయన డ్యూటీకెళ్ళాడు. ఇంట్లో ఉన్నా నీ ఫోనెత్తడు. మీ అక్కాతమ్ముళ్ళ మధ్య తల పెడితే తలే మిగలదని ఎప్పుడో తేల్చేశాడు.

సరే, రక్తం దాకా వచ్చావు కాబట్టి మొదట్నుంచీ రా. ఆ పిల్లకోళ్ళు అసలీ ఇంటికెందుకొచ్చాయి?

… నేనే చెప్తా. నువ్వు బట్టల కొట్టు బోర్డు రాసి పెరట్లో ఆరబెట్టావు. నేలమీద, వెల్లకిలా పడుకోబెట్టి. ఎత్తులో పెట్టుకోరా అంటే నా పని నాకు నేర్పకన్నావు. నా కోళ్ళు దాని మీంచి నడిచాయి. — అవును, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కాళ్ళ గుర్తులు పడ్డాయి. కొట్టాయన తీసుకోనన్నాడని కూడా తెలుసు. నేను కాదనలేదే. అవి కోళ్ళురా. బోర్డు చదివి పక్కనుంచి పోవడం వాటికి రాదు. దానికి నువ్వేం చేశావు? వాటి నీళ్ళ మూకుడు ఎత్తి గోడకేసి కొట్టావు. నీ గుడ్లు నాకక్కర్లేదు, నా కోళ్ళు నేనే పెంచుకుంటానని మర్నాడే బుట్టెడు పిల్లకోళ్ళని తెచ్చి నా గుంపులోకి గుమ్మరించావు.

… అది పెంపకమా? అది పంతం. పంతానికి రెక్కలూ కాళ్ళూ వస్తే అవే నీ కోళ్ళు.

… నేను చెప్పలేదా? మీ ఆవిడతో చెప్పి పంపానా లేదా? … అడుగు. పక్కనే ఉందిగా, గాజులు వినబడుతున్నాయి. కొత్త కోళ్ళని పాత గుంపులోకి ఒక్కసారి తొయ్యకూడదు, కొన్నాళ్ళు ఇనప వలకి అవతల పెట్టాలి, ఇవి వాటిని చూడాలి, అవి వీటిని చూడాలి, ముక్కు మాత్రం తగలకూడదు అన్నానా? మేత గిన్నె వేరే పెట్టమన్నానా? అలవాటయ్యాక ఓ సాయంత్రం చీకటి పడగానే గూట్లో కర్ర మీద పాతవాటి పక్కన మెల్లిగా కూర్చోబెడితే, తెల్లారేసరికి ఇదెవరో మన పక్కనే పడుకుందిలే అని సర్దుకుంటాయన్నానా?

… ఆ. చెప్పిందంటోందా. దానికి నువ్వేమన్నావు?

… నువ్వనకపోతే నేనంటా. 'కోళ్ళకి కూడా పరిచయ కార్యక్రమమా, మైకు పెట్టించమంటుందా మా అక్క' అన్నావు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. … వినబడక ఏం, ఈ గోడకి చెవులే కాదు, నోరు కూడా ఉంది.

వల నేనే తెచ్చాను, నేనే కట్టాను. తీగలు గుచ్చుకుని వేళ్ళన్నీ చీరుకుపోయాయి. మర్నాటికి సగం విప్పి చుట్టేసుంది. … జైల్లో పెట్టినట్టుందా? మరి మనిషెత్తు గోడ కడితే అది పూలతోటవుతుందా?

… సరే, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నిన్న సాయంత్రం నేను జాకెట్లివ్వడానికి బయటికెళ్ళినప్పుడు నువ్వు పెరట్లోకి దిగావా?

… నేనింకా రంగు మాటే ఎత్తలేదు. పెరట్లోకి దిగావా అని మాత్రమే అడిగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

… గుర్తు పెట్టావా. దేనికి గుర్తు?

… నీవి నీవి, నావి నావి. ఎవరి కోడి ఎవరిదో తెలియాలి. బాగుంది. మరి గుర్తేదో నీవాటికి పెట్టుకోవచ్చుగా? నా కోడికెందుకు?

… ఏంటీ?

… దొరకలేదా.

… ఇది నవ్వు కాదు. ఒళ్ళు మండినప్పుడు కూడా మనిషికి ఇలాంటి చప్పుడే వస్తుంది. నీవి చేతికి చిక్కలేదని నావాటికి పూశావు. నావైనా అన్నీ చిక్కాయా?

… ఒకటే. ఏదది? … పేరు చెప్పు. దానికి పేరు పెట్టిందే నువ్వు.

… పెద్దావిడ.

అది పరిగెత్తలేదు కదూ.

… కూర్చుండిపోయింది. తెలుసు నాకు. రెక్కలు ముడుచుకుని, నువ్వెత్తుకుంటావని కూర్చుంది. పెరట్లో పరాయి మనిషి అడుగు పెడితే మొదట అరిచి మిగతావాటిని పరిగెత్తించేది అదే. నీకు మాత్రం కూర్చుంది. నువ్వు నిచ్చెన మీంచి పడి, కాలికి కట్టేసుకుని మంచం మీదున్నప్పుడు అది గుప్పెడంత పిల్ల. నీ ఒళ్ళోనే పెరిగింది. ఆ కట్టు మీదెక్కి నిద్రపోయేది. ఒక్కో గింజా వేలికొసన పెట్టి తినిపించావు. ఆ చెయ్యే కదా అని కూర్చుంది. ఆ చేత్తోనే దాని నెత్తిన ఎర్ర ఎనామెలు పూశావు.

… ఎరుపే ఎందుకు? ఇంటినిండా రంగు డబ్బాలేగా నీకు.

… అదొక్కదానికే మూత తీసుందా. అంతే. అంతకన్నా ఆలోచన లేదు.

ఇప్పుడు నువ్వు విను. మధ్యలో మాట్లాడకు. కోడి కోడిని దేన్ని చూసి గుర్తుపడుతుందనుకున్నావు? తల చూసి. తల మీది తురాయి చూసి. నీ పనిలోదే చెప్తా, అర్థమవుతుంది. కొట్టు అదే, సరుకూ అదే, నువ్వు రాత్రికి రాత్రి బోర్డు మార్చేశావు. రోజూ వచ్చేవాళ్ళే ఇదెవరిదో పరాయి కొట్టనుకుని మీద పడ్డారు. అందులోనూ ఎరుపు. కోడి కంటికి ఎర్రగా కనబడిందంటే అది పుండే. ఒకటి పొడిస్తే ఇక అన్నీ పొడుస్తాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు, కాకి దాకా ఎందుకు, దాన్ని పొడిచినవన్నీ అది పొదిగి లేపిన పిల్లలే.

… ఉండు, ఇంకా ఉంది.

నేను తిరిగొచ్చేసరికి బట్టలుతికే బండ కింద దూరి ఉంది. మేత గిన్నె దగ్గరికి అది రాకుండా ఇంకోటి ముక్కు పెట్టేది కాదు. అలాంటిది మొహం గోడకి తిప్పుకుని, వీపు నాకు చూపించి కూర్చుంది. నేనూ మొదట రంగే అనుకున్నా. ఇదెవడి పనో తెలుస్తూనే ఉంది, తిట్టుకుంటూ చేత్తో తుడిచా. వెచ్చగా తగిలింది. రంగు వెచ్చగా ఉండదురా.

… అవును, రంగు కింద నిజంగానే రక్తం. నువ్వు వెతుకుతున్న రక్తం అక్కడుంది. నా కోడి నెత్తిన.

… నీ పిల్లకోళ్ళ మీదున్నదేమిటా? నన్నడుగుతున్నావా?

సరే, అదీ చెప్తా. చీకటి పడ్డాక పెద్దావిడ గూట్లోకి ఎక్కబోతే మిగతావి కిందికి తోసేశాయి. దాని కర్ర, దాని చోటు, దాన్నే తోసేశాయి. నేను ఎత్తి కూర్చోబెట్టబోతే నన్నూ నమ్మలేదు, పెనుగులాడి దూకేసింది. ఆ సగం మిగిలిన వల మూలకి పోయింది. అక్కడ నీ పిల్లకోళ్ళు ఒకదాన్నొకటి కరుచుకుని వణుకుతున్నాయి. దానికి ఓపిక లేదు, వాటికి దిక్కు లేదు. వాటికి దాని పాత తల అయితేనేం, కొత్త తల అయితేనేం, ఎలాగూ పెద్ద కోడే. అది పోయి వాటి పక్కన కూలబడింది. తెల్లారి నేను దిగి చూస్తే రెక్కలు విప్పుకుని కూర్చునుంది. రెక్కల కింద నుంచి, మెడ పక్కనుంచి, ఎక్కడ చూసినా నీ పిల్లల తలలు. ఒక్కోదాన్నీ లాగి, ఈకలు విడదీసి చూశాను. ఒక్క గాటు లేదు. ఒక్కటంటే ఒక్కటి.

… మరి ఎరుపా? నీ ఎనామెలు ఎంతసేపటికి ఆరుతుంది? … చెప్పు, పనివాడివి కదా.

… మందంగా పూస్తే రాత్రంతా. మందంగానే పూశావుగా. కోడి మీద రెండు పూతలు వేశావు, కింద సంతకం ఒక్కటే తక్కువ.

ఇప్పుడా ఫొటో తియ్యి. … తియ్యి, నేనెక్కడికీ పోను. మరదలి ఫోన్లో ఉంటే మరదల్నడుగు. పెద్దది చేసి చూడు. రక్తం ఆరితే నల్లబడుతుంది. అది నిగనిగలాడుతోందా లేదా?

…

…

ఉన్నావా?

… ఆ. నీదే. నీ చేతి రంగు నీకే రక్తంలా కనబడింది. మరదలంటే తెలియక అరిచింది. నీకేమొచ్చింది? పొద్దున లేస్తే ఆ రంగులోనే కదా నీ బతుకు.

… దాన్నేం అనకు. ఏయ్, మరదల్నేమీ అనకు అంటున్నా, వినబడుతోంది నాకు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నా మీద కోపం కోడి మీద చూపించావు, ఇప్పుడు కోడికి చేసింది పెళ్ళాం నెత్తిన రుద్దుతావా? కిటికీలోంచి చూసింది, భయపడింది. దిగి చూడాల్సింది నువ్వు.

… థిన్నరా? థిన్నరు పోస్తే రంగుతోపాటు దాని చర్మం కూడా ఊడొస్తుంది. నీ సాయం చాలు. పొద్దున నూనె రాసి కొంత వదిలించాను, వదలని ఈకలు జాకెట్ల కత్తెరతో కత్తిరించాను. తల బోసిగా అయిపోయింది.

… ఎక్కడుంటుంది, నా మిషను కింద, గుడ్డముక్కల బుట్టలో. పొద్దుట్నుంచి మేత ముట్టలేదు. నీళ్ళు చూపిస్తే మొహం తిప్పుకుంటోంది. నేను మిషను తొక్కినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటోంది. అందుకని జాకెట్టు పక్కన పెట్టి ఉత్తి గుడ్డ మీద తొక్కుతూ కూర్చున్నా ఇంతసేపూ.

…

… ఏమన్నావు? మేస్త్రీకి మాటిచ్చేశానా?

మంచిది. ఇన్నాళ్ళకి మాట మీద నిలబడేవాడివయ్యావు. కట్టు. మనిషెత్తు కాదు, ఇద్దరు మనుషులెత్తు కట్టు. కాని ఒకటి. పెద్దావిడని నీవైపు ఉంచుకోవాలి.

… విన్నది నిజమే. ఇచ్చేస్తున్నా.

… దీన్ని పంతమనకు, పంతం చేసే ఓపిక నాకు లేదు. నా గుంపులో వేస్తే రేపటికి చంపేస్తాయి. ఈకలు కొత్తవొచ్చేదాకా వాటికది పరాయిదే. దాన్ని దగ్గరికి రానిచ్చినవి నీ పిల్లలే. గోడకి అటుపక్క వాటితోపాటు దానికీ చోటు చూడు. అది గుడ్డు పెడితే అదీ నీదే. గుర్తేం పెట్టక్కర్లేదు.

… ఏడవట్లేదు.

… ఏడుస్తున్నాను, అయితే ఏం? పొద్దున్నే అది మెట్లెక్కి వచ్చి ముక్కుతో తలుపు కొడితేగాని నేను పొయ్యి వెలిగించను. మీ బావ పని మీద ఊళ్ళు తిరిగితే నాతో ఇంట్లో మాట్లాడేది అదొక్కటే. దాన్ని నా చేత్తో ఇవ్వాల్సొచ్చింది నీ మూలంగా. ఈ కోపం నాకు ఈ జన్మలో పోదు. కావాలంటే బోర్డు మీద రాసి పెట్టుకో.

…

… ఆ ముక్కు చప్పుడేమిటి?

… జలుబా. సరే, జలుబే అనుకుందాం. మనింట్లో జలుబులన్నీ ఒకేసారి వస్తాయి.

… ఏమడుగుతున్నావు? నసక్కుండా అడుగు.

… మేస్త్రీకేం చెప్పాలా? ఇటుకలు దింపించేటప్పుడు నన్నడిగావా?

అడిగావు కాబట్టి చెప్తున్నా. గోడ కడితే అవి ఎప్పటికీ కలవవు. కంటికి కనబడనిదాన్ని కోడి అలవాటు చేసుకోదు. ఎన్నేళ్ళైనా కొత్తది కొత్తగానే ఉండిపోతుంది. వలైతే ఎండా వస్తుంది, గాలీ వస్తుంది, ఒకదానికొకటి కనబడుతుంటాయి. పొడుచుకోడానికి మాత్రం కుదరదు. … నేను కోళ్ళ సంగతే చెప్తున్నా. నువ్వింకో అర్థం తీసుకుంటే నీ ఇష్టం.

… మనకి కూడా వలేనా? మనకైతే ముక్కు కాదు, నీ నోరు తగలకుండా కట్టాలి. అంత సన్న వల ఎక్కడా దొరకదు.

… వద్దని చెప్తావా మేస్త్రీకి? చెప్పు మరి. నాకేం మెహర్బానీ చెయ్యట్లేదు నువ్వు. … ఇటుకలా? నన్నడుగుతావేం. పేర్చుకుని వాటిమీద బోర్డులు ఆరబెట్టుకో. కోడి కాలికందని ఎత్తులో.

… ఏంటి, ఇప్పుడా? … చూసి ఏం చేస్తావు? నువ్వు చూసిందే ఎక్కువైంది దానికి.

… ఆగు. నీ గొంతు గోడలోంచి రావట్లేదేం? … పెరట్లో ఉన్నావా? మెట్టు మీద ఎవరిదో వీపు కనబడుతోంది. ఎప్పుడొచ్చి కూర్చున్నావు?

… గుమ్మం తొక్కలేదు, మెట్టు మీదే ఉన్నావు. తెలివికేం తక్కువ లేదు. అలాగే ఉండు, ఇటు తిరక్కు. నా ఒట్టు నాకుంది.

… చేతిలో ఏంటది? … గింజలా. సరే. బుట్ట తెస్తున్నా. గుమ్మంలో పెడతాను, నీకూ దానికీ మధ్య ఈ దోమల వల తలుపు వేసి. … ఎందుకేమిటి, చెప్తాగా. ఆ. పెట్టాను. ఇప్పుడు దాన్ని పిలువు. ఫోన్లో కాదు, నోటితో. ఎప్పుడూ పిలిచేవాడివిగా, అలా.

…

తలెత్తింది.

… గుర్తుపట్టింది. గొంతు గుర్తుపట్టింది. … మెల్లిగా. నువ్వు తిరక్కుండా చెయ్యి వెనక్కి చాపి గింజలు చూపించు.

…

తియ్యి. చెయ్యి తియ్యి, తియ్యి. చెయ్యి చూసి వెనక్కి పోయింది. గుడ్డముక్కల్లోకి దూరిపోయింది, చూడు, ఎలా వణుకుతోందో.

…

మళ్ళీ పిలవకు. రాదు. గొంతు నీదే అంటోంది, చెయ్యి నీది కాదంటోంది. పరాయి చెయ్యి అది ఇప్పుడు.

… ఏం చెయ్యాలా? నేను కొత్త కోళ్ళకి ఏం చెప్పానో అదే. వలకి అవతల కూర్చో. చెయ్యి లోపల పెట్టకు. ఊరికే దానికి కనబడుతూ ఉండు. రేపు కూడా వచ్చి కూర్చో. ఎల్లుండి కూడా.

… ఎన్నాళ్ళో నన్నడిగితే? దాన్నడుగు.

… నేనా? నేను కిటికీలోంచి చూస్తూనే ఉంటాలే. దాన్ని. నిన్ను కాదు.

… సరే, సరే. ఇంక ఫోను పెట్టెయ్. వెలుతురు పోకముందే చేతులు కుట్టాలి. నువ్వు కొంచెం పక్కకి జరిగి కూర్చో, ఎండకి అడ్డొస్తున్నావు.